పచ్చి బాలింతకు షుగర్: పక్కింటి తల్లి చేయగలిగిందెంత?

కాన్పుకు ముందు అందరూ ఆమె చేతివేలినే చూస్తారు. పరగడుపున ఎంతుంది, తిన్న రెండు గంటలకు ఎంతుంది, 95 దాటిందా, 120 దాటిందా అని భర్త దగ్గర్నుంచి ఏఎన్ఎం దాకా అడుగుతారు. కాన్పయిన మర్నాటి నుంచి ఆ వేలి ఊసు ఎవరూ ఎత్తరు. చూపులన్నీ ఉయ్యాల వైపు తిరుగుతాయి, గ్లూకోమీటర్ బీరువా మీదికి చేరుతుంది.

దీనికి ఒక కారణం శరీరంలోనే ఉంది. గర్భంతో వచ్చే షుగర్‌కు మూలం చాలావరకు మాయ. అది వదిలే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. మాయ బయటపడ్డాక చాలామందికి కొద్ది రోజుల్లోనే రీడింగులు మామూలుకొస్తాయి. ఆస్పత్రిలో మందులు ఆపేస్తారు, ఇంట్లో "హమ్మయ్య, షుగర్ పోయింది" అంటారు. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. పోయింది గర్భం తెచ్చిన షుగర్. ఆ బరువు పడ్డప్పుడు తట్టుకోలేకపోయిన ఒంటి తీరు అలాగే ఉంది. గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీలకు తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే ముప్పు, రానివారితో పోలిస్తే కనీసం ఏడు రెట్లని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. 2020లో బీఎంజే అనే ఇంకో వైద్య పత్రికలో వచ్చిన మరో సమీక్ష దాన్ని దాదాపు పది రెట్లకు తీసుకెళ్లింది.

అయినా ఈ సంగతి ఎవరి బాధ్యత అంటే జవాబు దొరకదు. గైనకాలజిస్టు పని కుట్లు మానడంతో అయిపోతుంది. పిల్లల డాక్టరు బిడ్డను చూస్తారు. షుగర్ డాక్టరు దగ్గరికి 'షుగర్ పోయిన' మనిషి వెళ్లదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెలనెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. బాలింతకు అలాంటి తేదీ ఏదీ లేదు. ఈ ఖాళీలో నిలబడగలిగిన మనిషి ఎవరని వెతికితే, అదే దారిలో ఏడాదో రెండేళ్లో ముందు నడిచిన ఇంకో తల్లి కనిపిస్తుంది. తోటి తల్లి సాయం అనే ఆలోచన అక్కడే పుడుతుంది. అయితే దాన్ని ఓదార్పు మాటల కింద జమకడితే ఆ పనికి అసలు విలువ తెలియదు. ఆమె ఇవ్వగలిగింది చాలా చిన్న చిన్న సంగతులు, చాలా నిర్దిష్టమైనవి. అవి పనికొచ్చే చోటూ ఉంది, పనికిరాని చోటూ ఉంది.

పథ్యం కంచం

మొదట కంచం సంగతి. మన ఇళ్లలో పచ్చి బాలింతకు పెట్టే పథ్యం ఊరికో తీరుగా ఉన్నా, మొత్తం మీద తర్కం ఒకటే: ఒంటికి వేడి చేసేవి పెట్టాలి, చలవ చేసేవి ఆపాలి. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, శొంఠి, వాము. పాలు పడటానికి కోస్తాలో పాలసొర చేపతో చేసే పుట్టు. వంటికి బలానికి బెల్లం వేసి చేసే కాయం. నీళ్లు ఎక్కువ తాగనివ్వరు. కూరగాయల్లో సగం వాతమనీ, సగం చలవనీ పక్కన పెడతారు. సిజేరియన్ అయితే పప్పు కూడా బంద్, ఎందుకంటే పప్పు తింటే కుట్లు చీము పడతాయని నమ్మకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే పప్పు ఆగిపోయే ఇళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు ఆ కంచంలో ఏం మిగిలిందో చూడండి. తెల్లన్నం, నెయ్యి, కారప్పొడి. పక్కన గిన్నెలో కాయం ఉండ. షుగర్ ఉన్న మనిషికి, లేదా మొన్నటిదాకా ఉన్న మనిషికి, ఇంతకంటే తిరగబడ్డ భోజనం ఉండదు. కుట్లు మానడానికి కావలసిన మాంసకృత్తులు పోయాయి, పీచు పోయింది, మిగిలింది పిండిపదార్థం. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ నుంచి బాలింతలకు ఇంటికిచ్చే సరుకుల్లో రాగిపిండితో పాటు బెల్లం, చిక్కీలు, ఎండు ఖర్జూరాలు ఉంటూ వచ్చాయి. రక్తహీనత ఇంతగా ఉన్న చోట వాటి ఉద్దేశం మంచిదే; రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తం తక్కువే. కానీ షుగర్ ఉన్న తల్లి ఆ సంచీలోంచి ఏది తాను తినాలి, ఏది ఇంట్లో పిల్లలకివ్వాలి అన్నది సంచీ మీద రాసి ఉండదు.

ఇవన్నీ డాక్టరుకు తెలియవా అంటే తెలుసు. డిశ్చార్జి రోజున "అన్నీ తినొచ్చమ్మా, స్వీట్లు తగ్గించండి" అని చెబుతారు కూడా. ఆ మాట ఆస్పత్రి గేటు దాటి ఇంటికి రాదు. వంటింట్లో మాట చెల్లేది ఆమె తల్లిది, లేదా అత్తగారిది. నలభై ఏళ్లుగా తాను చూసిన కాన్పుల అనుభవం ముందు ఆవిడకు డాక్టరు చీటీ ఆనదు. అదే పక్కవీధిలో నిరుడు ఆపరేషనయిన అమ్మాయి వచ్చి, "పిన్నీ, నేను మూడో రోజు నుంచి పప్పన్నమే తిన్నాను, నా కుట్లకేం కాలేదు, కావాలంటే మా అమ్మనడుగు" అంటే ఆ మాటకు సాక్ష్యం ఎదురుగా నిలబడి ఉంటుంది. ఆ అమ్మాయి కాయం పూర్తిగా మానిపించదు. "ఉండ చిన్నది చేసి పెట్టు, అన్నం ఒక గరిటె తగ్గించి మునగాకు పప్పు వెయ్యి, మెంతికూర వెయ్యి, పాలు పడేవి అవీ కదా" అంటుంది. పథ్యాన్ని కొట్టిపారేయకుండా దాని లోపలే దారి వెతకడం ఇది. పోషకాహార నిపుణుల చార్టుల్లో చపాతీ, సలాడ్, ఓట్స్ అని రాసి ఉంటుంది. పురిటి మంచం మీద ఉన్న మనిషికి సలాడ్ ఎవరు పెడతారు?

రాత్రి మూడు గంటలకు

గర్భంలో షుగర్ వచ్చి తగ్గిన తల్లి వేరు, ముందునుంచీ టైప్ 2 ఉన్న తల్లి వేరు, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతుకుతున్న టైప్ 1 తల్లి వేరు. ముగ్గురినీ 'షుగర్ బాలింతలు' అని ఒకే గాటన కట్టడం తోటివారి గుంపుల్లో జరిగే మొదటి పొరపాటు.

టైప్ 1 తల్లికి కాన్పు తర్వాత వచ్చే చిక్కు దాదాపు తలకిందులుగా ఉంటుంది. గర్భంలో ఇన్సులిన్ డోసు పెరుగుతూ పోతుంది. మాయ పడిపోగానే అవసరం ఒక్కసారిగా పడిపోతుంది, కొన్నాళ్లు గర్భానికి ముందున్న డోసు కంటే కూడా తక్కువ చాలు. దానికి తోడు పాలివ్వడం ఒంట్లోంచి చక్కెరను లాగుతుంది. రాత్రి మూడింటికి బిడ్డకు పాలిస్తూ ఉండగా చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. ఇంట్లోవాళ్లు నిద్ర చాలక అలా ఉందనుకుంటారు. ఇలాంటిది ఒకసారి దాటిన తల్లి చెప్పే మాటల్లో పుస్తకం వాసన ఉండదు: ముందు బిడ్డను పక్కన చాప మీద పడుకోబెట్టు, తర్వాత నీ సంగతి చూసుకో. మంచం పక్కనే గ్లూకోజ్ పొడి పెట్టుకో, వంటింటిదాకా నడిచే ఓపిక అప్పుడుండదు. రీడింగు 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగు, పావుగంట ఆగి మళ్లీ చూడు. రాత్రి పాలిచ్చే ముందు ఏదైనా కాస్త తిను.

ఇదే సలహా, మందులేవీ లేకుండా తిండితోనే షుగర్ అదుపులో ఉన్న తల్లికి చేరితే ఏమవుతుంది? ఆమెకు కళ్లు తిరిగితే అది రక్తహీనత కావచ్చు, నిద్రలేమి కావచ్చు, నీళ్లు చాలకపోవడం కావచ్చు. షుగర్ పడిపోవడం మాత్రం చాలా అరుదు. ఆమె మీటరు చూడకుండా రోజూ చక్కెర నీళ్లు తాగితే మంచి సలహా చెడ్డ పని చేసినట్టే. కాబట్టి తోటి తల్లి అడగాల్సిన మొదటి ప్రశ్న "నీకు ఏ షుగర్, ఏం వాడుతున్నావు?" అన్నదే.

టైప్ 1 తల్లుల విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్లు అరుదు. ఒక మండలంలో వెతికినా ఒకే ఏడాది కాన్పయిన ఇద్దరు దొరక్కపోవచ్చు. పైగా పెళ్లప్పుడు జబ్బు సంగతి చెప్పని ఇళ్లున్నాయి, ఇన్సులిన్ పెన్ను దాచుకుని బాత్రూంలో ఇంజెక్షన్ చేసుకునే కోడళ్లున్నారు. వాళ్లకు వీధిలో గుంపు పనికిరాదు, ఫోనే దిక్కు. వేరే జిల్లాలో ఉన్న, ముఖం తెలియని ఒక మనిషితో మాట్లాడటంలోనే వాళ్లకు భద్రత ఉంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో కాన్పయిన తెలుగు తల్లిదీ కొంత ఇలాంటి పరిస్థితే: ఆస్పత్రి ఇచ్చే డైట్ చార్టులో పథ్యం ఉండదు, ఆరు నెలలకని ఊరి నుంచి వచ్చిన అమ్మ సూట్‌కేసులో కాయం సీసా ఉంటుంది.

బిడ్డ దగ్గర జరిగేది కూడా తోటి తల్లి పరిధిలోకి వస్తుంది. షుగర్ తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి గంటల్లో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కనుక మడమ దగ్గర పొడిచి మళ్లీ మళ్లీ చూస్తారు, ఒక్కోసారి బిడ్డను వేరే వార్డుకు తీసుకెళ్తారు. ఇన్సులిన్ వాడే తల్లులకు పాలు పడటం సాధారణంగా ఒక రోజు అటూ ఇటూ ఆలస్యమవుతుంది. "నా షుగర్ వల్లే బిడ్డకిలా అయింది" అన్న బాధ, "పాలు రాలేదు" అన్న టెన్షన్ రెండూ ఒకే పూట మీద పడతాయి. డబ్బా పాలు మొదలయ్యేది ఆ పూటే. "నాకూ నాలుగో రోజుకు గానీ పడలేదు, బిడ్డను రొమ్ముకు పట్టిస్తూనే ఉండు" అని ఒకరు ఆ రోజు చెప్పడం వేరు, నెల తర్వాత చెప్పడం వేరు. ఇన్సులిన్ పాలల్లోకి దిగి బిడ్డకు హాని చేస్తుందన్న భయం కూడా ఆ రోజుల్లోదే. ఇన్సులిన్ తల్లిపాలలో సహజంగానే ఉంటుంది, బిడ్డ కడుపులో అరిగిపోతుంది. ఆ భయంతో పాలు ఆపితే నష్టం ఇద్దరికీ: పాలివ్వడం తల్లికి ముందు ముందు షుగర్ వచ్చే అవకాశాన్ని కూడా తగ్గిస్తుంది.

గుంపు కడితే చాలా?

పొరుగున బంగ్లాదేశ్‌లో, ఫరీద్‌పూర్ జిల్లాలో 96 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. మూడో వంతు ఊళ్లలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరుగా నెలనెలా సమావేశాలు, మొత్తం 18. తమ ఊళ్లో షుగర్ ఎందుకు వస్తోందో వాళ్లే మాట్లాడుకుని, వాళ్లే పనులు ఎంచుకుని, వాళ్లే చేశారు. ఇంకో మూడో వంతు ఊళ్లలో ఫోన్లకు ఆరోగ్య సందేశాలు పంపారు. మిగిలిన ఊళ్లలో మామూలు వైద్యమే. సమావేశాలు జరిగిన ఊళ్లలో షుగర్, దాని ముందు దశ రెండూ గణనీయంగా తగ్గాయి. ఫోన్ సందేశాలు విన్న ఊళ్లలో జనానికి తెలివిడి పెరిగింది, షుగర్ మాత్రం తగ్గలేదు. రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఆరోగ్య చిట్కాలు పంపేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

అయితే అది పెద్దవాళ్లందరి మీద చేసిన ప్రయోగం, బాలింతల మీద కాదు. గర్భంలో షుగర్ వచ్చిన తల్లుల మీదే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 'లివింగ్' అనే పెద్ద అధ్యయనం జరిగింది. దాదాపు 1,600 మంది. సగం మందికి శిక్షణ పొందినవాళ్లు నడిపే బృంద తరగతులు, తర్వాత ఫోన్లు, సందేశాలు. 2022లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది: తరగతులకు వెళ్లినవాళ్లలోనూ వెళ్లనివాళ్లలోనూ సుమారు నాలుగో వంతు మందికి చక్కెర స్థితి దిగజారింది. తేడా లేదు. మధ్యలో కోవిడ్ వచ్చి పడిన మాట నిజమే, కానీ కారణం మొత్తం అదే అనలేం.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తోస్తుంది. ఫరీద్‌పూర్ సమావేశాలు ఊళ్లోనే జరిగాయి, అందులో ఇంటివాళ్లూ పొరుగువాళ్లూ ఉన్నారు, మగవాళ్లకూ విడిగా గుంపులున్నాయి. రెండోదాంట్లో తల్లి ఒక్కతే తరగతికి వెళ్లి, ఇంటికొచ్చి, అదే వంటింట్లో అదే కంచం ముందు కూర్చుంది. బాలింతకు తన భోజనం మీద తనకే అధికారం లేని చోట, ఆమె ఒక్కదానికి పాఠం చెబితే మారేదేముంటుంది? ఇది ఆ అధ్యయనాలు చెప్పిన మాట కాదు, వాటిని మన ఇళ్ల పక్కన పెట్టి చదివితే వచ్చే అనుమానం.

మనసు విషయంలో ఫలితాలు కొంత నయం. గోవాలో గర్భిణులు, బాలింతల డిప్రెషన్‌కు మందులు కాకుండా, అదే ప్రాంతపు సాధారణ గృహిణులకు శిక్షణనిచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లను 'సఖి' అని పిలిచేవారు. ఆరు నెలల దగ్గర చూస్తే సఖులు వెళ్లిన తల్లుల్లో కోలుకున్నవాళ్లు కొంత ఎక్కువే. వాళ్లు ఒకసారి కాదు, గర్భం నుంచి కాన్పు తర్వాత దాకా మళ్లీ మళ్లీ వెళ్లారు.

మనకు గుంపు కట్టడం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత ఊరూరా పొదుపు సంఘాలు పుట్టాయి. డ్వాక్రా మీటింగు అంటే తెలియని ఇల్లు లేదు. వాటిలో కూర్చునేవాళ్లు ఎక్కువమంది నడివయసువాళ్లు, అంటే బాలింతల తల్లులు, అత్తలు. తోటి తల్లి కార్యక్రమాలు నడిపేవాళ్లు దీన్ని లోపంగా చూస్తారేమో గానీ, నిజానికి కాయంలో బెల్లం ఎంత వేయాలో నిర్ణయించేది వాళ్లే. బాలింతకు తోటి బాలింత కావాలి. అమ్మమ్మకు తోటి అమ్మమ్మ కావాలి. పైగా ఆ అమ్మమ్మల్లో చాలామందికి షుగర్ ఉంది, ఇంట్లో మీటరు ఉంది. మంచిదే. మాత్రల స్ట్రిప్ కూడా ఉంది, అది మాత్రం మంచిది కాదు: "నాది ఒక గోళీ వేసుకో, తగ్గుతుంది" అనడానికి ఒక్క నిమిషం చాలు. షుగర్ మందుల్లో పాలిచ్చే తల్లులు వాడగలిగినవి ఉన్నాయి, వాడకూడనివీ ఉన్నాయి. మందు పేరు, డోసు అనే మాటలు గుంపులో వచ్చిన క్షణాన తోటి తల్లి చేయాల్సిన పని నర్సుకు ఫోన్ కలపడం. కాకర రసం తాగి ఇన్సులిన్ మానేశానన్న కథ ఏ గుంపులోనైనా నెలకోసారి వస్తుంది. దానికి అక్కడే అడ్డుపడే మనిషి లేని గుంపు లేకపోవడమే నయం.

నలభై రెండో రోజు

తోటి తల్లి సాయాన్ని ఒకే ఒక్క పనికి కుదించాలంటే అది ఆరు వారాల పరీక్ష. కాన్పయిన ఆరు వారాలకు పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఇంకోసారి రక్తం చూడాలి. రెండు గంటల రీడింగు 140 లోపు ఉంటే మామూలు, 140 నుంచి 199 అయితే ముందు దశ, 200 చేరితే షుగర్ ఉన్నట్టే. కాన్పులో రక్తం పోయి, ఒంట్లో ఇనుము తగ్గి ఉన్న సమయంలో మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీని నమ్మలేం, కాబట్టి ఆ గ్లాసుడు తీపి నీళ్లు తప్పవు.

చిత్రమేమిటంటే తేదీలన్నీ ఇప్పటికే కలిసి ఉన్నాయి. బిడ్డకు పెంటావాలెంట్ మొదటి టీకా ఆరు వారాలకే. పుట్టిన కొత్తలో బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త వరుసగా ఇంటికొచ్చే రోజుల్లో చివరిది 42వ రోజు. తల్లీబిడ్డా ఇద్దరూ ఆ వారం ఎలాగూ ఆస్పత్రి గుమ్మం తొక్కుతారు. తొక్కి, బిడ్డకు సూది వేయించుకుని వెళ్లిపోతారు.

ఎందుకు వెళ్లిపోతారో తెలియాలంటే ఆ పొద్దుటి పూట ఎలా ఉంటుందో చూడాలి. రాత్రంతా పాలిచ్చిన మనిషి ఏమీ తినకుండా బయల్దేరాలి. ఒక పోటు, గ్లాసుడు గ్లూకోజ్ నీళ్లు, వాంతి రాకుండా ఆపుకోవాలి, రెండు గంటలు బెంచీ మీద కూర్చోవాలి, మళ్లీ పోటు. ఈలోగా టీకా వేసిన బిడ్డ ఏడుస్తుంటుంది. వెంట వచ్చిన తల్లి "షుగర్ పోయింది కదే, ఇంకెందుకు" అంటుంది. ఆటో వాడు బయట హారన్ కొడతాడు. ఇక్కడ కావలసింది సలహా కాదు. ఆ రెండు గంటలు పక్కన కూర్చుని బిడ్డను ఎత్తుకునే ఒక మనిషి కావాలి, నిరుడు తానూ అదే బెంచీ మీద కూర్చున్న మనిషి అయితే మరీ మంచిది. ఇద్దరు ముగ్గురు తల్లులు ఒకే టీకా రోజున కలిసి వస్తే ఒకరి బిడ్డను ఒకరు చూసుకుంటారు, ఆటో ఖర్చు కూడా పంచుకుంటారు.

దీనికి అడ్డుపడేది ఇంకొకటుంది, అది మన ఆచారమే. మొదటి కాన్పు పుట్టింట్లో. గర్భంలో షుగర్ అని రాసుకున్న రిజిస్టరు అత్తగారి ఊరి ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. నలభై రెండో రోజున తల్లి వేరే మండలంలో ఉంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి తిరిగి వచ్చేసరికి పరీక్ష గడువు దాటిపోయి ఉంటుంది. ఏ ఊరి గుంపు ఆమెను తమ మనిషి అనుకోవాలి? పుట్టింటి ఊళ్లో ఆమె ఆడపడుచు, రికార్డుల్లో లేదు. అత్తారింటి ఊళ్లో రికార్డుల్లో ఉంది, మనిషి లేదు. సందేశాలు దంచడానికి పనికిరాని ఫోన్ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది: అత్తారింటి ఊరి తల్లి ఒక్క ఫోన్ చేసి "ఆరు వారాలయింది, గుర్తుందా? అక్కడ ఆశా అక్క నంబరు తీసుకున్నావా?" అని అడిగితే చాలు.

రీడింగు మామూలుగా వచ్చినా ఏడాదికోసారి చూపించుకోవడం, మళ్లీ నెల తప్పగానే మొదటి చెకప్‌లోనే చెప్పడం మిగిలే ఉంటాయి. ఇన్ని తేదీలు ఎవరికీ గుర్తుండవు. అందుకని కొందరు తల్లులు బిడ్డ పుట్టినరోజుకు ముడిపెట్టుకుంటారు. ఏటా ఆ ఉదయం పరగడుపున ల్యాబ్‌కు వెళ్లి రావడం, కేకు సంగతి సాయంత్రం చూసుకోవడం.